భారీ వ్యయంతో వీడియో గేముల నిర్మాణం – గిట్టుబాటయ్యే సేద్యమేనా?

(తృతీయ సంవత్సరం, బి.ఎస్సీ.)

ఉపోద్ఘాతం

తిండి, బట్ట, గూడు అమరిన తర్వాత మనిషి కోరుకునేది వినోదం. మన తాతలకు తోలుబొమ్మలాట, వీధి నాటకం ఉండేవి. మన తండ్రులకు సినిమా వచ్చింది. ఆ తర్వాత టెలివిజన్ వచ్చింది. నేటి యువతరానికి ఆ స్థానం వీడియో గేము ఆక్రమించింది. మా అరకు లోయలో సిగ్నలు సరిగ్గా అందని ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి ఊళ్ళలో కూడా సిగ్నలు దొరికే గట్టు ఏదో కుర్రాళ్ళకు ముందే తెలుసు. సాయంకాలం పశువులను తోలుకొచ్చాక అక్కడ చేరి ఫోనుల్లో ఆడుకుంటారు. పండుగనాడు ఒక పక్క థింసా సాగుతుంటే ఇంకో పక్క ఈ ఆట సాగుతుంది.

ఆడేవాళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. తయారు చేసేవాళ్ళ సంగతి మనలో చాలామంది ఆలోచించరు. ఒక్కొక్క పెద్ద గేముకు నేడు వేల కోట్ల రూపాయలు ఖర్చవుతున్నాయి. అంత డబ్బు తిరిగి వస్తుందా? ఏటా ఇలాగే ఖర్చు పెట్టుకుంటూ పోతే ఈ పరిశ్రమ నిలుస్తుందా? ఈ ప్రశ్నలకు నాకు తెలిసిన లెక్కలతో, నేను పుట్టి పెరిగిన సేద్యపు అనుభవంతో జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం. డిగ్రీ కాగానే యానిమేషన్, గేమ్ డిజైన్ కోర్సుల్లో చేరదామని మన కాలేజీలోనే ఎంతోమంది మిత్రులు అనుకుంటున్నారు. అందుచేత ఇది మనకు సంబంధం లేని విషయం కాదు.

ఒక మాట ముందే చెప్పాలి. డబ్బు పందెం కాసే ఆటలు వేరు. వాటిని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. ఈ వ్యాసంలో ప్రస్తావించేది కథ, బొమ్మ, సంగీతం, గణితం కలిపి వినోదం కోసం నిర్మించే గేముల గురించి మాత్రమే.

ఖర్చు ఎక్కడ పుడుతుంది?

పెద్ద గేముకు యంత్రాలు కొనడం పెద్ద ఖర్చు కాదు. జీతాలే పెద్ద ఖర్చు. తెర మీద ఒక అడవి కనిపించాలంటే ఒకరు చెట్టు గీయాలి, ఇంకొకరు ఆకుల కదలిక చూడాలి, మరొకరు వెలుగునీడలు సర్దాలి. మనిషి నడిస్తే అడుగుల చప్పుడు మట్టి మీద ఒక రకంగా, రాతి మీద ఒక రకంగా వినిపించాలి. ఇవన్నీ మనుషులు చేసే పనులే. తెర ఎంత స్పష్టమైతే పని అంత పెరుగుతుంది. పాత టెలివిజన్‌లో ఒక మచ్చగా కనిపించిన రాయి నేడు పగుళ్ళతో, నాచుతో కనిపించాలి.

అమెరికా స్టూడియోల్లో ఒక మనిషికి నెలకు అన్నీ కలిపి 10,000 డాలర్ల ఖర్చు అని లెక్క వేయడం చాలాకాలంగా ఉన్న వాడుక. ఇప్పుడు అంతకంటే ఎక్కువే. అయినా 10,000 అనే అనుకుందాం. 300 మంది, 5 సంవత్సరాలు, అంటే 60 నెలలు:

300 × 60 × 10,000 = 18 కోట్ల డాలర్లు.

ఇది ఊహకు వేసిన లెక్క. నిజం లెక్కలు కంపెనీలు సాధారణంగా బయట పెట్టవు. అయితే 2023 జూన్‌లో అమెరికాలో మైక్రోసాఫ్ట్ కేసు విచారణ సందర్భంగా సోనీ సంస్థ కోర్టుకిచ్చిన కాగితాల్లో కొన్ని అంకెలను నల్ల పెన్నుతో కొట్టేశారు. ఆ కాగితాలను స్కాన్ చేస్తే నలుపు కింద అంకెలు కనిపించాయి! ఆ విధంగా ‘ది లాస్ట్ ఆఫ్ అజ్’ రెండో భాగానికి సుమారు 22 కోట్ల డాలర్లు, ‘హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్’కు సుమారు 21 కోట్ల డాలర్లు అయినట్లు లోకానికి తెలిసింది. మనం వేసిన లెక్క నిజానికి దూరం కాదని పాఠకులు గ్రహించే ఉంటారు.

అదే సంవత్సరం డిసెంబరులో కంప్యూటర్ దొంగల వల్ల మరో స్టూడియో కాగితాలు బయటపడ్డాయి. వాటి ప్రకారం 2023లో వచ్చిన ‘స్పైడర్ మాన్ 2’కు అయిన ఖర్చు సుమారు 30 కోట్ల డాలర్లు. అది 2018లో వచ్చిన మొదటి భాగానికి మూడు రెట్లు. డాలరుకు 85 రూపాయలు వేసుకున్నా 2,550 కోట్ల రూపాయలు. 2020 నాటి ఒక ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ గేముకు విడుదల తర్వాత చేసిన పనితో కలిపి 70 కోట్ల డాలర్లు దాటినట్లు మరో కోర్టు పత్రంలో ఉంది.

రాబడి లెక్క

ఇక రెండో వైపు చూద్దాం. 2005 ప్రాంతంలో అమెరికాలో పెద్ద గేము ధర 60 డాలర్లు. 2020లో 70 డాలర్లయింది. పదిహేనేళ్ళలో పెరిగింది పది డాలర్లు. ఖర్చు అయిదేళ్ళలో మూడు రెట్లు పెరుగుతుంటే ధర పదిహేనేళ్ళలో ఆరో వంతు పెరిగింది. ఎరువుల ధర ఏటేటా పెరిగి, సంతలో పసుపు ధర మాత్రం ఉన్నచోటే ఉంటే రైతు పరిస్థితి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఆ 70 డాలర్లు కూడా తయారీదారు చేతికి పూర్తిగా రావు. అమ్మే ఆన్‌లైన్ కొట్టు సాధారణంగా నూటికి 30 తీసుకుంటుంది. మిగిలేది 49.

30 కోట్లు ÷ 49 = సుమారు 61 లక్షల కాపీలు.

కాని అందరూ మొదటి రోజే పూర్తి ధరకు కొనరు. ఆరు నెలలు ఆగి తగ్గింపు ధరకు కొనేవాళ్ళే ఎక్కువ. సగటున 35 డాలర్లు చేతికొస్తుందనుకుంటే 86 లక్షల కాపీలు అమ్మాలి. ప్రచారానికి ఇంకో 10 కోట్లు కలిపితే 1 కోటి 14 లక్షల కాపీలు. ఇది లాభం కాదు సుమా! పెట్టిన అసలు చేతికి రావడానికి మాత్రమే. ‘స్పైడర్ మాన్ 2’ 2024 ఏప్రిల్ నాటికి 1 కోటి 10 లక్షల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. దాన్ని అమ్మిన కొట్టు కూడా సోనీదే కాబట్టి నూటికి 30 కోత దానికి వర్తించదు. అంత పేరు, సొంత కొట్టు ఉన్నవాళ్ళు గట్టెక్కుతారు. అవి లేనివాళ్ళ సంగతేమిటి?

వడ్డీ సంగతి మరిచిపోకూడదు. మొదటి సంవత్సరం పెట్టిన 100 రూపాయలకు నూటికి పది చొప్పున చక్రవడ్డీ కడితే అయిదేళ్ళకు 161 అవుతుంది. గేము ఒక ఏడాది ఆలస్యమైతే ఆ 161 కాస్తా 177 అవుతుంది. 300 మంది జీతాలు ఇంకో ఏడాది అదనం. పెద్ద గేముల్లో ఆలస్యం మామూలు విషయం.

చరిత్ర చెప్పే పాఠం

ఈ పరిశ్రమ ఒకసారి నేలమట్టమై మళ్ళీ లేచింది. 1982లో అమెరికాలో అటారీ కంపెనీ ‘ఇ.టి.’ అనే సినిమా హక్కులను భారీ ధరకు కొని, క్రిస్మస్ అందుకోవాలని అయిదారు వారాల్లో గేము తయారు చేయించింది. లక్షల సంఖ్యలో కాసెట్లు తయారు చేస్తే అమ్ముడు కాలేదు. మిగిలిన సరుకును 1983లో న్యూ మెక్సికోలోని అలమొగోర్డో పట్టణపు చెత్తకుప్పలో పూడ్చేశారు. 2014 ఏప్రిల్‌లో తవ్వితే ఆ కాసెట్లు బయటపడ్డాయి. ఆ ఒక్క గేము వల్లనే పరిశ్రమ కూలిందనడం న్యాయం కాదు. నాసిరకం సరుకు కొట్లనిండా పేరుకుపోయి జనానికి నమ్మకం పోయింది. 1985 నాటికి అమెరికా వీడియో గేముల అమ్మకాలు ఉచ్ఛస్థితితో పోలిస్తే నూటికి మూడు వంతులకు పడిపోయాయని చెబుతారు. మళ్ళీ నిలబెట్టింది జపాను నింటెండో.

ఇటీవలి ఉదాహరణ మరింత విచిత్రమైనది. సోనీ సంస్థ ‘కాంకర్డ్’ అనే గేమును 2024 ఆగస్టు 23న విడుదల చేసింది. ఏళ్ళ తరబడి శ్రమించి చేసిన గేము. ఆడేవాళ్ళు రాలేదు. సెప్టెంబరు 6న ఆపేసి కొన్నవాళ్ళకు డబ్బు తిరిగి ఇచ్చేశారు. రెండు వారాలు! అక్టోబరులో ఆ స్టూడియోనే మూసేశారు. బొమ్మల్లో లోపం ఉందని ఎవరూ పెద్దగా అనలేదు. అలాంటి తుపాకీ ఆటలు అప్పటికే ఉచితంగా దొరుకుతున్నాయి. డబ్బిచ్చి ఇంకొకటి కొనవలసిన అవసరం జనానికి కనపడలేదు.

దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది. 2013 సెప్టెంబరులో విడుదలైన ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో 5’ మూడు రోజుల్లో 100 కోట్ల డాలర్ల అమ్మకాలు చేసింది. ఈనాటికి 20 కోట్ల కాపీలు దాటింది. ఒకసారి పండితే పదేళ్ళు తిన్నారు. అది చూసి మిగతావాళ్ళంతా అదే పంట వేశారు. పక్కవాడి చేలో అల్లం బాగా పండిందని వచ్చే ఏడు ఊరంతా అల్లం వేస్తే సంతలో ఏమవుతుందో మా కొండ రైతులకు తెలుసు.

మన ఇంటి ఉదాహరణ: బాహుబలి

‘ఇదంతా అమెరికా, జపాను గొడవ. మనకేమిటి?’ అని ఎవరైనా అడగవచ్చు. మన తెలుగు వాళ్ళకు ఇంత పెద్ద గేము లేకపోయినా ఇంత పెద్ద సాహసం ఉంది. అదే బాహుబలి. శోభు యార్లగడ్డ, ప్రసాద్ దేవినేని నిర్మాతలుగా, ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో మొదటి భాగం 2015 జూలై 10న, రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చాయి. రెండు భాగాలకు కలిపి 430 కోట్ల రూపాయల వరకు అయిందని పత్రికల అంచనా. తెలుగు సినిమా చరిత్రలో అంతకు ముందు అలాంటి ఖర్చు లేదు. అయినా పైన చెప్పిన ‘స్పైడర్ మాన్ 2’ ఖర్చుతో ఇలాంటి బాహుబలి జంటలు దాదాపు ఆరు తీయవచ్చు!

బాహుబలి ఎలా గట్టెక్కింది? నాకు నాలుగు కారణాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, కథను రెండు భాగాలు చేశారు. రామోజీ ఫిలిం సిటీలో వేసిన సెట్లు, చేయించిన ఆయుధాలు, దుస్తులు రెండు సినిమాలకు పనికొచ్చాయి. మొదటి భాగం వసూళ్ళు రెండో భాగానికి ఊతమిచ్చాయి.

రెండు, ఒక్క తెలుగునే నమ్ముకోలేదు. తమిళం, హిందీ, మలయాళం భాషల్లో కూడా ఒకేసారి విడుదల చేశారు. సంత ఒకటి కాదు, నాలుగు.

మూడు, టిక్కెట్లే కాక టెలివిజన్ హక్కులు, పుస్తకాలు, బొమ్మల చిత్రాలు అన్నిటి నుంచీ రాబడి తీశారు. 2017లో బెంగళూరు మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ వారు ఫోనుల్లో ఆడుకునే బాహుబలి గేము కూడా చేశారు.

నాలుగు, పాత పంటను మళ్ళీ కోశారు. 2025 అక్టోబరు 31న రెండు భాగాలను కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’ పేరిట మళ్ళీ విడుదల చేశారు. చెరుకు నరికిన మోళ్ళ నుంచి వచ్చే పిలకతోటకు దుక్కి ఖర్చు, విత్తనం ఖర్చు ఉండవు. ఇదీ అలాంటిదే.

సినిమాకు ఇంకో వెసులుబాటు ఉంది. వంద కోట్లు దాటిన చిత్రాలకు మొదటి పది రోజులు టిక్కెట్టు ధర పెంచుకునే వీలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 మార్చిలో కల్పించింది. ఖర్చు పెరిగితే ధర కొంతైనా పెంచుకోవచ్చు. గేముల్లో ఆ వీలు తక్కువ. 2025లో నింటెండో ఒక గేముకు 80 డాలర్లు పెడితేనే ఆడేవాళ్ళు గగ్గోలు పెట్టారు.

అయితే ఒక హెచ్చరిక. బాహుబలి తర్వాత వచ్చిన భారీ చిత్రాలన్నీ గట్టెక్కలేదు. గెలిచిన సినిమా లెక్క అందరూ చెబుతారు. ఓడిన సినిమా లెక్క బయ్యర్ల ఇళ్ళలోనే ఉండిపోతుంది.

కాఫీ తోట లెక్క

ఇంతవరకు చెప్పిన గేముకూ సినిమాకూ మా కాఫీకీ ఒక పోలిక ఉంది. మూడింటిలోనూ ముందు ఖర్చు, తర్వాత ఎదురుచూపు, చిట్టచివర పంట.

తూర్పు కనుమల్లో కాఫీ 1898లో పాములేరు లోయలో మొదలయిందని చెబుతారు. తర్వాత అనంతగిరి, చింతపల్లి, అరకు వైపు విస్తరించింది. నేడు ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఉంది. పారిస్ నగరంలో అరకు పేరుతో కొట్టు పెట్టారు. ఈ గొప్పలన్నీ నిజమే. కాని తోట వేసిన రైతు మొదటి నాలుగేళ్ళు ఎలా బతికాడో ఆ కొట్టులో కాఫీ తాగేవాళ్ళకు తెలియదు.

ముందు నీడ కోసం సిల్వర్ ఓక్ నాటాలి. ఆ నీడ వచ్చాక కాఫీ మొక్క పెట్టాలి. మొక్క నాటాక మూడు నాలుగేళ్ళకు గాని చెప్పుకోదగ్గ కాపు రాదు. అంతవరకు కలుపు తీయాలి, గొప్పు తవ్వాలి, ఎండిన మొక్క స్థానంలో కొత్త మొక్క పెట్టాలి. రాబడి సున్నా. ఆ నాలుగేళ్ళు మా ఇంట్లో అన్నం పెట్టింది కాఫీ కాదు. పల్లంలో వరి, మెట్ట మీద చోళ్ళు, సామలు, సంతకు తీసుకెళ్ళే రాజ్‌మా, పసుపు. మొక్కలు ఇచ్చింది ఐ.టి.డి.ఏ. కాఫీ కాపుకొచ్చే వేళకు సిల్వర్ ఓక్ మొదట్లో పెట్టిన మిరియం తీగ కూడా పైకి పాకింది. ఒకే చెట్టు కాఫీకి నీడ, మిరియానికి ఊత. ఒక ఏడాది కాఫీ ధర పడిపోయినా మిరియం ఆదుకుంటుంది.

మా నాన్నకు లెక్కల పుస్తకం తెలియదు. ఆయన మాట మాత్రం నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ కనపడలేదు. “కాఫీ వేయొద్దని ఎవరన్నారు? కాఫీ కాసేదాకా ఏం తింటావో చెప్పి వెయ్యి” అంటారు.

2025లో మా అరకు ప్రాంతంలో మొదటిసారిగా కాఫీ కాయ తొలిచే పురుగు కనిపించింది. పురుగు పట్టిన తోటల్లో కాయలు దులిపేసి నాశనం చేయాల్సి వచ్చింది. కాఫీ ఒక్కటే ఉన్నవాడికి ఆ ఏడాది పోయినట్టే. పక్కన చోడి చేను, మిరియం తీగ ఉన్నవాడు ఎలాగో గట్టెక్కుతాడు.

ఈ లెక్కను గేములకు అన్వయించి చూడండి. పాత గేములు ఇంకా అమ్ముడవుతూ, సొంత కొట్టు ఉండి, మరో వ్యాపారం నుంచి డబ్బు వచ్చే సంస్థకు అయిదేళ్ళ ఎదురుచూపు భరించే శక్తి ఉంది. ఒక గేము పోయినా కుంగుతుంది గాని కూలదు. అవేమీ లేక, అప్పు తెచ్చి, ఒకే గేము మీద అయిదేళ్ళు కూర్చున్న స్టూడియో ఒక్క పురుగుకు పడిపోతుంది. కాబట్టి ఖర్చు పెద్దదా చిన్నదా అన్నది రెండో ప్రశ్న. ఎదురుచూపు కాలానికి తిండి ఎవరు పెడతారన్నది మొదటి ప్రశ్న.

నష్టం చివరికి ఎవరి మీద పడుతుంది?

మన దేశంలో భారీ గేములు పుట్టడం తక్కువ. వాటి పని మాత్రం చాలాకాలంగా ఇక్కడ జరుగుతోంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు హైదరాబాదులోనే స్టూడియో ఉంది. బెంగళూరులో 1997లో రాజేశ్ రావు స్థాపించిన ధ్రువ ఇంటరాక్టివ్ విదేశీ గేములకు బొమ్మలు చేసి పెట్టి పేరు తెచ్చుకుంది. దాన్ని స్వీడన్‌కు చెందిన స్టార్‌బ్రీజ్ సంస్థ కొన్నది. 2018 నవంబరులో స్టార్‌బ్రీజ్ విడుదల చేసిన ఒక పెద్ద గేము విఫలమైంది. డిసెంబరు కల్లా ఆ సంస్థ అప్పుల రక్షణ కోసం కోర్టుకెక్కింది. 2019లో ధ్రువలోని తన వాటాను 79 లక్షల డాలర్లకు రాక్‌స్టార్‌కు అమ్ముకుంది. ధ్రువ పనివాళ్ళ అదృష్టం కొద్దీ కొన్నవాడు బలవంతుడు. ఎక్కడో స్వీడన్‌లో గేము పోతే ఇక్కడ స్టూడియో చేతులు మారిందన్నది గమనించదగ్గ విషయం.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేముల విభాగంలో 1,900 మందిని, ఫిబ్రవరిలో సోనీ 900 మందిని తొలగించాయి. సినిమాలకు, గేములకు దృశ్యాలు చేసిపెట్టే టెక్నికలర్ సంస్థ 2025 ఫిబ్రవరిలో కుప్పకూలితే బెంగళూరు, ముంబైలలో వేలమంది ఉన్నట్టుండి వీధిన పడ్డారు.

మా చిన్నాన్న కొడుకు, నాకు అన్న వరస, ఇలాంటి పనే చేశాడు. అతని కోర్సు ఫీజుకు చిన్నాన్న రెండేళ్ళ కాఫీ డబ్బు, ఇంకొంత అప్పు పెట్టాడు. ఒక స్టూడియోలో ఉద్యోగం దొరికింది. ఒక విదేశీ గేముకు చెట్లు, బండలు, వాగులు చేసే పని. మా గెడ్డ ఒడ్డున పెరిగినవాడు కదా, రాయి మీద నీరు ఎలా జారుతుందో అతనికి ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండున్నరేళ్ళు చేశాక పైనున్న విదేశీ సంస్థ ఆ గేమును మధ్యలో ఆపేసింది. ఒక నెల జీతం చేతిలో పెట్టి పంపేశారు. ఇంకా బాధాకరమైన విషయం ఏమిటంటే ఒప్పందం ప్రకారం తాను చేసిన బొమ్మలు ఎవరికీ చూపించకూడదు. వేరే ఉద్యోగానికి వెళ్తే ‘రెండున్నరేళ్ళు ఏం చేశావు?’ అంటే చూపడానికి ఏమీ లేదు. రైతుకు పంట పోయినా పొలం మిగులుతుంది. అన్నకు అది కూడా మిగల్లేదు. ఇప్పుడు ఊళ్ళో ఉండి చిన్నాన్నతో కాఫీ పళ్ళు కోస్తూ రాత్రిళ్ళు సొంతంగా బొమ్మలు చేసుకుంటున్నాడు.

నష్టం మొదట పడేది కింద పనిచేసేవాళ్ళ మీద. లాభం వచ్చినప్పుడు మాత్రం వాళ్ళకు వాటా ఉండదు. ఈ వ్యవస్థలో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే.

2025 సెప్టెంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థను 5,500 కోట్ల డాలర్లకు కొనేందుకు ఒప్పందం ప్రకటించారు. అందులో 2,000 కోట్ల డాలర్లు అప్పు. ఆ అప్పు తీరాలంటే గేములే సంపాదించాలి. అప్పు చేసి పప్పు కూడు తిన్నవాడి సామెత మనకు తెలుసు. ఇక్కడ అప్పు ఒకరు చేస్తే పప్పు కూడు తగ్గేది ఇంకొకరికి కాకూడదని కోరుకుందాం.

చిన్న గేములు మార్గమా?

భారీ గేములకు బదులు చిన్న గేములు చేస్తే సరిపోతుంది కదా అని కొందరు వాదిస్తారు. వాళ్ళ వాదనలో బలముంది. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే యువకుడు సుమారు నాలుగున్నరేళ్ళు ఒంటరిగా కూర్చుని ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ చేశాడు. బొమ్మలు, సంగీతం, కథ అన్నీ అతనే. 2016 ఫిబ్రవరిలో 15 డాలర్ల ధరకు విడుదల చేస్తే 2024 చివరికి 4 కోట్ల కాపీలు దాటింది. అందులో కథ ఏమిటనుకుంటున్నారు? తాత వదిలిన పొలానికి ఒక మనవడు తిరిగి వచ్చి వ్యవసాయం చేయడం! విత్తడం, నీళ్ళు పెట్టడం, పంట అమ్మడం. మనం వద్దని పారిపోతున్న పనిని లోకం డబ్బిచ్చి ఆడుకుంటోంది.

ఫ్రాన్సులో ముప్పై మంది ప్రధాన బృందంతో, బయటివాళ్ళ సహాయం తీసుకుని చేసిన ‘ఎక్స్‌పెడిషన్ 33’ 2025 ఏప్రిల్‌లో విడుదలై అక్టోబరు నాటికి 50 లక్షల కాపీలు అమ్ముడైంది. మన దేశంలో పుణె నగరపు చిన్న బృందం 2020లో చేసిన ‘రాజీ’ గేము మన పురాణాలను, మన కోటల అందాలను విదేశాల వారికి చూపించింది.

కాని నాణేనికి రెండో వైపు చూడకపోతే శాస్త్ర విద్యార్థి అనిపించుకోను. స్టీమ్ అనే ఒక్క కొట్టులోనే 2024లో 18,000కు పైగా కొత్త గేములు వచ్చాయి. అంటే రోజుకు దాదాపు 50. వీటిలో ఎక్కువ వాటి పేరు కూడా ఎవరికీ తెలియదు. ఎరిక్ బరోన్ ఆ నాలుగున్నరేళ్ళు తాను కొంత పార్ట్‌టైం పని చేసుకుంటూ, తోడుగా ఉన్న ఆమె సంపాదన మీద ఆధారపడ్డాడు. చూశారా, ఇక్కడ కూడా అదే ప్రశ్న. పంట వచ్చేదాకా తిండి ఎవరు పెట్టారు? చిన్న గేములో ఉన్న మేలు ఏమిటంటే, పోయినా మళ్ళీ విత్తనం వేయడానికి మనిషి మిగులుతాడు.

ముగింపు

పైన చర్చించిన విషయాలను బట్టి నాకు తోచిన అభిప్రాయాలు ఇవి.

1. భారీ వ్యయంతో గేములు నిర్మించడం దానంతటది తప్పు కాదు. పాత రాబడి, సొంత కొట్టు, పేరున్న కథ గల కొద్ది సంస్థలకు అది గిట్టుబాటవుతుంది. మిగిలినవారికి ఇప్పుడున్న ఖర్చుతో, ఇప్పుడున్న ధరతో గిట్టదు.

2. ఖర్చు తగ్గించడం అంటే మనుషులను తీసేయడం కాదు. ఒకసారి చేసిన అడవిని, ఊరిని, యుద్ధరంగాన్ని రెండు మూడు గేములకు వాడుకోవడం, బాహుబలి సెట్ల లాగా. ఒక్కొక్క గేమును పొడిగించకుండా చిన్నదిగా, త్వరగా ముగించడం. ఆడేవాడు రాతి మీది నాచు చూసి గేము కొనడు.

3. పెద్ద గేము పక్కన రెండు మూడు చిన్న గేములు ఉండాలి. కాఫీ పక్కన మిరియం ఉన్నట్టు.

4. గేము మధ్యలో ఆగిపోతే పనిచేసినవాళ్ళకు కొన్ని నెలల జీతం, తాము చేసిన పనిని చూపించుకునే హక్కు ఉండేలా ఒప్పందాల్లో రాయాలి. రైతుకు పంటల బీమా అడుగుతున్నాం. వీళ్ళకు ఎందుకు అడగకూడదు?

ఇక ఈ రంగంలోకి వెళ్ళదలచిన మిత్రులకు ఒక మనవి. వెళ్ళవద్దని నేను చెప్పను. మన కళ్ళు చూసిన కొండలు, మన చెవులు విన్న పాటలు లోకంలో ఎవరూ ఇంకా తెర మీద ఆడలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కాని కోర్సు ఫీజు కట్టే ముందు కాగితం, పెన్ను తీసుకుని కూర్చోండి. అప్పు ఎంత, వడ్డీ ఎంత, మొదటి జీతం ఎప్పుడు, ఉద్యోగం పోతే చేతిలో ఇంకో పని ఏముంది – ఈ నాలుగూ రాయండి. లెక్కలు, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగు గట్టిగా నేర్చుకోండి. గేములు పోయినా అవి బ్యాంకులో, ఆసుపత్రిలో, వాతావరణ కేంద్రంలో పనికొస్తాయి. ఆ లెక్క సరిపోతే ధైర్యంగా వెళ్ళండి. సరిపోకపోతే ఒక ఏడాది ఆగండి. సరైన పదును చూసి విత్తిన గింజే మొలుస్తుంది.